హంసముద్ర తాళ్ల దానం

నన్ను మోసగించగల వర్తకుడు ఈ భూమి మీద ఇంతవరకు పుట్టలేదు. ఈ సంగతి ముందే మీ చెవిన వేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేదంతా వర్తకుల యవ్వారం. సరుకును చేత్తో ముట్టనక్కర్లేదు, దూరం నుంచి చూసి దాని కడుపులో ఏముందో చెప్పేస్తాను. కుందనపురి యువరాజు అమరకేతుడికి ఆ విద్య లేదు. కత్తి తిప్పడం నేర్పారు, గుర్రాన్ని మచ్చిక చేయడం నేర్పారు, అంగడికి పోయి నాలుగు పుచ్చులేని వంకాయలు ఏరడం మాత్రం ఎవరూ నేర్పలేదు. అందుకే ఈ వేళ అతను కూలివాడి గోచీ కట్టుకుని, వల్కలపట్నంలో ధనగుప్తుడనే వర్తకుడి కొఠీ కప్పు మీద, ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెడుతున్నాడు.

పరుగెత్తనివ్వండి. కుర్రవాడు, అంత తొందరగా అలిసిపోడు. ఈలోగా మనం ఆ కొఠీని చూసొద్దాం.

చూడాల్సిందే దాన్ని. చందనపు స్తంభాలు, చలువరాతి మెట్లు, పగడపు కమ్ములు వేసిన గవాక్షాలు, శిఖరం మీద మబ్బుల్ని రాసుకుంటూ తిరిగే బంగారు హంస. ఆ హంస కంట్లో పొదిగిన కెంపు వెలుగులో రేవుకొచ్చే నావికులు దారి చూసుకుంటారు. వాకిట ఏనుగులు, ఏనుగుల మీద నగారాలు, నగారాల పక్కన 'జగద్బంధూ, దానవారిధీ' అని గొంతు చించుకునే వందిమాగధులు. ఇంత వైభవమూ దేని మీద నిలిచిందయ్యా అంటే, తాళ్ల మీద. ఓడల మోకులు, బావుల చేదలు, పిల్లల ఉయ్యాలలు, లోయల మీద వేలాడే వంతెనలు, అన్నిటికీ తాళ్లు అక్కడినుంచే రావాలి. ప్రతి తాడు కొసకీ లక్కముద్ర, ముద్రలో తెల్లటి హంస.

ఆ హంస ఊరికే వచ్చి కూర్చోలేదు. ధనగుప్తుడి ముత్తాత వీరగుప్తుడు తన చేత్తో తాళ్లు పేనిన మనిషి. ఆ దేశంలో ఒక కట్టడి ఉంది. తాడు అమ్మినవాడు, కొన్నవాడి కళ్లముందు, ఆ తాడుకి తాను వేలాడి చూపించాలి. దాన్ని తొలి తూగు అంటారు. వీరగుప్తుడు బావికి అమ్మితే బావిలోకి వేలాడేవాడు, ఓడకి అమ్మితే తెరచాప కొయ్య నుంచి సముద్రం మీదికి వేలాడేవాడు. వేలాడుతూ తాంబూలం నమిలేవాడు. ఒకనాడు లోయ మీద అలా తూగుతుంటే, మానస సరోవరానికి పోతున్న గంధర్వ హంస ఒకటి చూసి ముచ్చటపడి, కిందకి దిగి తాడు మీద వాలింది. అంతటితో ఆగక అతని కొఠీకే వచ్చి ఉండిపోయింది. నేలమాళిగలో అది ఉంటుంది, దాని నీడ ముద్రలన్నిటిలోనూ పడుతుంది. కొఠీ నడత ఎలా ఉంటే పక్షి అలా ఉంటుంది. గంధర్వులు పెట్టిన షరతు అది.

జనానికి షరతు సంగతి తెలియదు. వాళ్లు హంసను చూసి తాడును చూడడం మానేశారు. మనవలకీ మునిమనవలకీ అంతకంటే ఏం కావాలి?

ఇక ధనగుప్తుడు. నార ఊరబెట్టడానికి నీలఝరి ఏటినంతా వాడుకున్నాడు. కుళ్లిన జనుము కంపుకి చేపలు వెల్లకిలా తేలాయి, గేదెలు ఆ నీళ్లకి మూతి పెట్టడం మానేశాయి. అప్పుడు ఆ ఏటి ఒడ్డునే చలివేంద్రాలు పెట్టించాడు. కుండ చిన్నది, కుండ మీద హంస పెద్దది. ఊళ్ల నీళ్లన్నీ చెడగొట్టినవాడు ముంతెడు నీళ్లు పోస్తే, జనం తాగి మూతి తుడుచుకుని దండం పెట్టారు. తాళ్లు పేనేవాళ్ల కంటే బాకాలు ఊదేవాళ్లు ఎక్కువున్న కొఠీ మరొకటి నేనైతే వినలేదు.

కుందనపురిలో కొత్త వంతెనలు కట్టాలి. హంసముద్ర తాళ్లే తెప్పిద్దామా, ఆ కొఠీ ఎలాంటిదో నీ కళ్లతో చూసి రా అని రాజు కొడుకుని పంపాడు. అమరకేతుడు మారువేషం వేసి మోతకూలీగా చేరాడు. మోకుల కట్టలు నేలమాళిగలోకి దించే పని. ఆ వేళ పొద్దున మెట్లు దిగుతుంటే మోకు ఒకటి మేకుకి తగులుకుని చీలింది. పైన నిగనిగలాడే కొత్త జనుము. లోపల, పాత వంతెనల నుంచి ఊడదీసిన నుసినార. వేలు పెడితే పొడి రాలింది.

అతను ఇంకా ఆ పొడి చూస్తూనే ఉన్నాడు, గోడ అవతల మాటలు వినిపించాయి. సందులోంచి తొంగిచూశాడు. ఒక ఇనుప పంజరం, పంజరంలో పక్షి. మెడ కుదించుకుపోయింది, ముక్కు వంకీ తిరిగింది, నెత్తి మీద ఈక లేదు. హంస కాదది, ఎప్పుడో రాబందు అయిపోయింది. దాని ముందు కూర్చుని ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు నల్లటి పొగకుండలో ఏదో వేస్తున్నాడు. ఆ పొగ పట్టినంతసేపూ ముద్రల్లో నీడ తెల్లగా, మెడ పొడుగ్గా కనిపిస్తుంది. అదే అతని కొలువు. పక్షిని బాగుచేసే పని ఎవరికీ లేదు, పొగ వేసే పనికి మాత్రం మాంత్రికుణ్ణి పెట్టుకున్నారు.

ధనగుప్తుడు పట్టుపరుపు మీద కూర్చుని తన కష్టం చెప్పుకుంటున్నాడు. ఈ మోకుల్ని రేవువాళ్లు తిప్పికొట్టారట. తగలబెడితే పొగ ఊరంతా చూస్తుంది, పరువు పోతుంది. అమ్ముదామంటే తొలి తూగు. పట్నంలోనైతే తూగడానికి విడిగా ఒక మంచి తాడు దాచుకున్నాడు, దాన్నే మార్చి చూపిస్తాడు. బయట ఆ ఆట సాగదు, కొనేవాళ్లే తాడు ఎంచుతారు. అందుకని ఇవాళ పాతాళగండి దగ్గర తేనెపట్టు కోతకి దిగే తేనెగూడెం వాళ్లకి వీటన్నిటినీ దానం చేస్తున్నాడు.

"అమ్మితే వేలాడాలి. ఇస్తే వేలాడక్కర్లేదు," అన్నాడు ధనగుప్తుడు. "పైగా మెడలో దండ వేస్తారు."

గండిలో పడితేనో అని మాంత్రికుడు అడిగాడు. వాడికైనా అడగాలనిపించింది.

"పడితే చితికి చందనం మనమే ఇద్దాం. కట్టె కట్టెకీ హంస వేయించు."

సరిగ్గా అప్పుడు పొగ ముక్కులోకి పోయి యువరాజు తుమ్మాడు.

ఇదిగో, ఇందుకే అతను కప్పు మీద పరుగెడుతున్నది. వెనకాల ధూమ్రజిహ్వుడు గాలిలో తేలుతూ వస్తున్నాడు. గడ్డం రెండు పాయలై రెక్కల్లా కొట్టుకుంటోంది. నడుముకున్న మోకు చుట్ట విప్పి, మంత్రం చదివి విసిరాడు. మోకు గాలిలోనే కొండచిలువ అయింది. తాటిచెట్టంత పొడుగు, బానంత నోరు, నోట్లో నీలిమంట. పెంకులు పటపటా పగులుతుంటే అది జరజరా పాకి, యువరాజు కాలు చుట్టి, నడుం చుట్టి, ఒక్కసారి బిగించింది. ఎముకలు కటకటలాడాయి. ఇంకొంచెం బిగిస్తే అయిపోయేవాడే. బిగించబోయింది. బిగించబోయి, నడిమధ్యలో పుటుక్కున తెగింది. తెగిన చోట నుసి రాలింది. మంత్రం గట్టిదే, తాడు మాత్రం ధనగుప్తుడిది.

మాంత్రికుడు ఆ రెండు ముక్కల్నీ చూసి నోరు తెరిచేలోగా, అమరకేతుడు కప్పు అంచు నుంచి దూకాడు. కింద దానపు ఊరేగింపు కదులుతోంది. పూలు కట్టిన బండ్ల మీద మోకుల గుట్టలు. ఒక గుట్ట మీద పడి, లోపలికి దూరి, అక్కడ ముందే పడుకుని గురకపెడుతున్న బాకావాడి తలపాగా, బాకా, హంస కుట్టిన నడికట్టు ఊడదీసుకుని కట్టుకున్నాడు. వీధి మలుపు తిరిగేసరికి కూలివాడు లేడు. బుగ్గలు పొంగించి బాకా ఊదే వందిమాగధుడు ఒకడు బండి మీద నిలబడి ఉన్నాడు.

దారి పొడుగునా జనం మోకులకి దండాలు పెట్టారు. కొబ్బరికాయలు కొట్టారు. ఆ వెర్రిబాగులవాళ్లని చూసి నవ్వకండి. నేనూ ఒక ఏనుగు బొమ్మ గొడుగు కొన్నాను. దాని వర్తకుడు ముసలివాళ్లకి ఊరికే కళ్లద్దాలు పంచుతున్నాడని విని, ఇలాంటి మహానుభావుడి గొడుగు కాక ఇంకెవరిది కొంటామని కొన్నాను. మొదటి వానకి బట్ట ఊడి నెత్తిన పడింది, నాలుగు వీధులవాళ్లు చూశారు. మరి కొనేటప్పుడు కళ్లు లేవా అంటారేమో. వాడిచ్చిన కళ్లద్దాలు పెట్టుకునే చూశాను, బ్రహ్మాండంగా కనిపించింది. సరే, నన్ను మోసగించినవాడు పుట్టలేదని పైన చెప్పాను గదా, ఒకడు పుట్టాడు. వాడి తమ్ముడి దగ్గర చెప్పులు కూడా కొన్నాను. కథలోకి పదండి.

పాతాళగండి అంటే నేల నిట్టనిలువునా నోరు తెరిచిన చోటు. కిందకి చూస్తే నీలిమంచు, మంచు కింద ఎక్కడో ఏరు పళ్లు కొరుకుతున్న చప్పుడు. అంచుకి కొంచెం దిగువన, కొండ రాతి చూరు కింద, నల్లటి డాళ్లు వరసగా వేలాడదీసినట్టు తేనెపట్లు. ఒక్కోటి ఎద్దుబండి చక్రమంత. ఎండ పడితే వాటిమీద ఈగల అల ఒకటి మెరుస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెడుతుంది. గూడెం మగవాళ్లు మోకు నడుముకి కట్టుకుని ఆ శూన్యంలోకి దిగి, పొగచూపి, కొడవలితో పట్టు కోసి బుట్టలో వేసుకుంటారు. ఆ తేనెతోనే ఏడాది గడవాలి.

గూడేనికి పెద్ద సింగాలి. నల్లరాతిలో చెక్కినట్టుండే మనిషి, నడుములో కొడవలి, కళ్లలో ఎప్పుడూ ఒక వెక్కిరింపు. కోతకి మొదట దిగే హక్కు ఆమె మొగుడు బయ్యన్నది. ధనగుప్తుడు, పొగకుండ చంకనపెట్టుకున్న మాంత్రికుణ్ణి పక్కన నిలబెట్టుకుని, అరుగెక్కి తన ముత్తాత గురించీ, తన దయ గురించీ, పేదల మీద తనకున్న ప్రేమ గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. బయ్యన్న అప్పుడే ఒక మోకు కొసని చెట్టుమొదలుకి కట్టి, రెండో కొస నడుముకి బిగించుకుంటున్నాడు.

అమరకేతుడు జనంలోంచి తోసుకుంటూ సింగాలి దగ్గరికి పోయి, మోకు లోపల నుసి అని చెవిలో చెప్పాడు. ఆమె అతణ్ణి పైనుంచి కిందకి చూసింది.

"నువ్వెవరు?"

"చూస్తున్నావుగా. వాళ్ల బాకావాణ్ణి."

"వాళ్ల నడికట్టు కట్టుకుని, వాళ్ల బాకా ఊది, వాళ్ల తాడు కుళ్లిందంటావు. ఏ మాట నమ్మాలయ్యా నీది? ఊదిందా, చెప్పిందా?"

మారువేషం మరీ బాగా కుదిరితే వచ్చే చిక్కు ఇదే. అతను నడికట్టు విప్పి నేలకి కొట్టి, నడుము మీద కొండచిలువ నొక్కిన వాతలు చూపించాడు. మోకు పురి ఎలా పడుతుందో అలాగే పడ్డాయి వాతలు, వాటిలో నుసి ఇంకా అంటుకుని ఉంది. సింగాలి ఆ నుసిని వేలితో తీసి వాసన చూసింది. అప్పుడు ఆమె మొహంలో వెక్కిరింపు పోయింది.

అయినా ఆమె కదల్లేదు. తేనెగూడెం వాళ్లకి కొన్న వస్తువును గుంజి చూసే హక్కుంది, ఇచ్చిన వస్తువును అనుమానించే హక్కు లేదు. ఇచ్చిన చేతిని శంకిస్తే ఈగలు కొండ వదిలి పోతాయని వాళ్ల నమ్మకం. తానే ముందు దిగి చూస్తానన్నాడు యువరాజు. అదీ శంకించినట్టేనంది. మోకు కోసేస్తానన్నాడు. అప్పుడు ఈగలతో పాటు గూడెం కూడా పోవాలంది. అవతల బయ్యన్న ముడి బిగించి, బుట్ట భుజానికి తగిలించుకుని, గండి అంచు మీద ఒక కాలు పెట్టాడు.

"కొఠీలో ఆ పెద్దమనిషి ఏమన్నాడు, మళ్లీ చెప్పు," అంది సింగాలి.

"అమ్మితే వేలాడాలి, ఇస్తే వేలాడక్కర్లేదు అన్నాడు."

ఆమె "మావా, కాసేపు ఆగు," అని మొగుడికి కేకేసి, నిరుటి తేనె ఉన్న సొరకాయ బుర్ర తీసుకుని, ఒక మోదుగాకు దొన్నెలో పోసి, తల వంచుకుని, ఎంతో వినయంగా ధనగుప్తుడి దగ్గరికి నడిచింది.

ఇక్కడ ఆ గూడెం కట్టడి ఇంకొకటి చెప్పకపోతే మీకు రుచి తెలియదు. వచ్చినవాడికి వాళ్లు తేనె పెడతారు. మొదటి దొన్నె మర్యాద. అది తిని ఊరుకుంటే మర్యాదతో సరి, ఏ బంధమూ లేదు. ఇంకా కావాలని నోటితో అడిగి తింటే మాత్రం అది బేరం. అప్పటిదాకా వాడు ఇచ్చినదంతా అమ్మినట్టు, తేనె దాని వెల. సింగాలి మొగుడి ప్రాణం ఇప్పుడు ఒక ధనవంతుడి నాలుక మీద ఉంది.

ధనగుప్తుడు దొన్నె అందుకున్నాడు. వెండి చెంచా తెమ్మన్నాడు. ఒక చెంచా తిన్నాడు, కళ్లు మూసుకున్నాడు. రెండోది తిన్నాడు. దొన్నె అడుగున మిగిలింది వేలితో తుడిచి నాకాడు. దొన్నె పక్కన పెట్టేశాడు. ధనగుప్తుడు పట్టు ఉత్తరీయంతో మూతి తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఆ ఉత్తరీయం కొసని కూడా ఒకసారి చప్పరించాడు.

"ఇంకాస్త పోయవే," అన్నాడు.

అంత ఆస్తి ఉన్నవాడు. అంత కొఠీ, అన్ని ఏనుగులు. ఊరికే వచ్చిన తేనె దగ్గర నాలుక ఆగలేదు. ఇలాంటివాళ్లని ఓడించడానికి సైన్యం అక్కర్లేదు, ఒక దొన్నె ఎదురుగా పెట్టి పక్కన నిలబడితే చాలు.

సింగాలి పోసింది. అతను తిన్నాడు. గూడెం గూడెమంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. బయ్యన్న నడుము నుంచి ముడి విప్పుకుని, మోకు కొస రెండు చేతులా పట్టుకుని, పెళ్లికొడుక్కి పట్టుబట్ట ఇచ్చినట్టు ధనగుప్తుడి ముందు నిలబడ్డాడు.

"వెల ముట్టింది అయ్యగారూ," అంది సింగాలి. "తొలి తూగు తమరిది. ఇందాక తమ ముత్తాతగారి పేరు తమరే తలుచుకున్నారు."

ధనగుప్తుడు మొదట నవ్వాడు, తరవాత బెదిరించాడు, ఆ తరవాత తనకి నడుం నొప్పి అన్నాడు. తన బదులు మాంత్రికుడు వేలాడతాడన్నాడు. మాంత్రికుడు అప్పటికే నాలుగు అడుగులు వెనక్కి వేసి ఉన్నాడు. చుట్టూ పట్నం జనం, అతని డబ్బుతో తెచ్చిన నగారాలు, అతని బాకాలు, అతని పొగడ్తలు విని మురిసిపోతున్న పదూళ్ల పెద్దలు. కాదంటే హంస పరువు ఇక్కడే, ఇప్పుడే గంగలో కలుస్తుంది. ఔనంటే... అతనికి మోకు లోపల ఏముందో అందరికన్నా బాగా తెలుసు.

గూడెం వాళ్లు అతని జవాబు కోసం ఆగలేదు. ముడి బిగించి, ఎత్తి, చాలా మర్యాదగా గండిలోకి దించారు.

మోకు కిర్రుమంది. ముప్పేట మోకులో మొదటి పేట తెగింది. ధూమ్రజిహ్వుడు కంగారులో చేయకూడని పని చేశాడు. ముద్రలో హంస చెదరకుండా పొగకుండ తీసి ఊదడం మొదలుపెట్టాడు. ఆ పొగ గాలివాలుకి గండిలోకి దిగింది. తేనెటీగలకి హంసా తెలియదు, రాబందూ తెలియదు, పొగ ఒక్కటే తెలుసు. కొండంతా లేచినట్టు లేచాయి. నల్లటి మేఘమై సుడి తిరిగి, పొగ ఎక్కడినుంచి వస్తోందో అక్కడికి పోయాయి. మాంత్రికుడు గడ్డం రెక్కలు రెండూ విప్పినా లాభం లేకపోయింది. ఈగల్ని గడ్డం నిండా మోసుకుంటూ, కొండదారి పొడుగునా గెంతుతూ పోయాడు. కుండ దొర్లి గండిలో పడి పగిలింది.

పొగ విడిపోగానే మోకుల మీద, బండ్ల మీద, జెండాల మీద, బాకావాళ్ల నడికట్ల మీద, ఎక్కడ హంస ఉంటే అక్కడల్లా మెడ ముడుచుకుపోయింది, ముక్కు వంగింది, నెత్తి బోడిదైంది. వెంట వచ్చిన తల్లులు దారికి తెచ్చుకున్న చలివేంద్రం ముంతలు చేతుల్లోంచి జారవిడిచారు. పట్నం వైపు ఆకాశంలో ఒక నల్లచుక్క లేచింది. పంజరానికి కాపలా ఆ పొగే, పొగ పోయింది. చుక్క పెద్దదైంది, రెక్కలైంది, గండి మీద నీడ పరిచి, ధనగుప్తుడు వేలాడుతున్న మోకు మీద వచ్చి వాలింది. ఎన్నో ఏళ్ల కిందట ఆ వంశపు మనిషి తూగుతుంటే వాలినట్టే. ఈసారి అది ముచ్చటపడి రాలేదు. ముక్కుతో పేటని పొడవడం మొదలుపెట్టింది. రెండో పేట తెగింది.

"పడనివ్వకండి," అంది సింగాలి. అమ్మినవాడు తూగుతుండగా పడితే కొన్నవాళ్ల చేతులకి మచ్చ అని వాళ్ల లెక్క. నా లెక్క వేరు గానీ నన్నెవరడిగారు. గూడెం మగవాళ్లు మోకు పట్టుకున్నారు. ధనగుప్తుడి కొలువులో ఉన్న బాకావాళ్లు, నగారావాళ్లు, గుమాస్తాలు, యజమాని ఉప్పు తిన్న విశ్వాసంతో పరుగెత్తుకొచ్చి వాళ్ల వెనక వరసగా నిలబడి, ఒక్క చెయ్యిగా లాగారు.

మూడో పేట పురి విప్పుకుంటూ గిర్రున తిరిగింది. అమరకేతుడు ఇక ఆగలేదు. కొండకి అల్లుకున్న అడవితీగ పట్టుకుని గండిలోకి దూకాడు. తీగ ఊయల ఊగి అతణ్ణి రాతిచూరు కిందకి తీసుకుపోయింది. తీగ వదిలి, ఒక చేత్తో రాతి సందులోంచి వచ్చిన చెట్టువేరు అందుకున్నాడు, రెండో చేత్తో ధనగుప్తుడి జుట్టు అందుకున్నాడు. అదే క్షణాన పైన మోకు పుటుక్కుమంది. ఇద్దరి బరువూ ఒక వేరు మీద పడింది. వేరు మొదట్లో మట్టి చిన్నగా రాలసాగింది. ధనగుప్తుడు కళ్లు తేలేసి, నిన్ను దత్తత తీసుకుంటాను, కొఠీ నీకిస్తాను, చలివేంద్రాలన్నీ నీ పేర పెట్టిస్తాను అని వల్లిస్తున్నాడు. పక్కనే ఉన్న రాతిపలక మీద రాబందు దిగి, బోడి తల ఒక వైపుకి వంచి, యువరాజుని పరీక్షగా చూసి, మనిషి గొంతుతో మాట్లాడింది.

"వాడు నాకు బాకీ. వాణ్ణి వదిలితే, పైకి పోవడానికి నా రెక్క ఇస్తాను. వదలకపోతే ఆ వేరు కూడా పొడుస్తాను. త్వరగా తేల్చుకో."

వేరు ఇంకొక జానెడు మట్టిలోంచి బయటికొచ్చింది. యువరాజు నోరు తెరిచాడు.

అతను ఏమన్నాడో ఆ గాలిలో పైవాళ్లకి వినపడలేదు, నాకూ వినపడలేదు. వేరు నిలిచిందో లేదో మంచు తొలగితే గాని చెప్పలేను. ఈలోగా మీతో ఒక మాట. మాట్లాడే పక్షి నిజం, కొండచిలువ నడిమధ్య తెగడం నిజం, గడ్డంతో ఎగిరే మాంత్రికుడు కూడా నిజమే, అందులో వేలు పెట్టకండి. ధనగుప్తుడి కొలువువాళ్లు పరుగెత్తుకొచ్చి మోకు లాగారని చెప్పానే, అది మాత్రం నేను కల్పించాను. అంత పెద్ద కొఠీ, ఒక్కడైనా రాకపోతే బాగుండదేమోనని. ఒక్కడూ రాలేదు. అందరూ గండికి వీపు పెట్టి కూర్చుని, నడికట్టు మీది పక్షిని గోళ్లతో పీక్కుంటున్నారు. దాని కుట్టు మాత్రం గట్టిది, ఎంత పీకినా ఒక్క పోగూ ఊడలేదు.